ముప్పై ఒకటో నంబరు చేప

2002 జూన్ రెండో వారంలో విశాఖపట్నం రేవు పక్కనున్న సముద్ర జీవుల పరిశీలన కార్యాలయానికి నార్వే నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసింది ఇంగ్రిడ్ అనే పరిశోధకురాలు. దక్షిణ ధ్రువం దగ్గర, మంచు కింద, రెండు వేల మీటర్ల లోతున బతికే పెద్ద చేపల్ని నలభై పట్టి, వాటి వీపులకు ఒక్కొక్క యంత్రం తగిలించి మళ్ళీ నీళ్ళలో వదిలిందట ఆవిడ. చేప పైకి వచ్చినప్పుడల్లా తానెక్కడుందీ యంత్రం ఆకాశంలో ఉపగ్రహానికి చెబుతుంది. ఉపగ్రహం ఇంగ్రిడ్‌కి చెబుతుంది. నలభైలో ముప్పై ఒకటో నంబరు చేప ఏడు నెలలుగా ఉలుకూ పలుకూ లేదు. చచ్చిందనుకున్నారు. మే ఇరవై రెండున ఉన్నట్టుండి పలికింది. పలికింది విశాఖపట్నం నుంచి.

ఉత్తరం చివర ఆవిడ రెండు సంగతులు అడిగింది. చేప ఆరోగ్యంగా ఉందా అనేది మొదటిది. రెండోది, కంచరపాలెం అనే చోట తమ పటంలో నేల కనిపిస్తోంది, పటం పాతదై ఉంటుంది, అక్కడి కాలువ లోతెంతో దయచేసి తెలపగలరా అని.

డైరెక్టరు శ్రీరామ్మూర్తి ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాడు. ఆ కార్యాలయానికి విదేశం నుంచి ఉత్తరం రావడం అదే మొదలు. కంచరపాలెంలో కాలువ లేదని ఒక్క ముక్క రాసేస్తే ఉత్తరాలు అక్కడితో ఆగిపోతాయి. అందుకని విచారణ జరుగుతోందని జవాబు పంపించి, విచారణ జరపమని గంగాధరరావుని పిలిచాడు.

గంగాధరరావు అక్కడ జూనియర్ అసిస్టెంటు. వాళ్ళ నాన్న రాజోలు దగ్గర పల్లె నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. గంగాధరరావు పన్నెండేళ్ళుగా చేపల మీద ఫైళ్ళు రాస్తున్నాడు గానీ, పడవ ఎక్కితే వాంతులు. ఆ సంగతి సర్వీసు రిజిస్టరులో లేదు గనక ఆఫీసులో ఎవరికీ తెలీదు. చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. చేపని వెతకమంటే వెతకాలనే అనుకున్నాడు.

చేప అన్నాక నీళ్ళలోనే వెతకాలన్నాడు డైరెక్టరు. గంగాధరరావు రెండు రోజులు అద్దె పడవలో రేవంతా తిరిగాడు. వాంతికీ వాంతికీ మధ్య పడవవాడికి చేప వర్ణన చదివి వినిపించాడు. అయిదడుగుల పొడుగు, నలభై కిలోల బరువు, ఎంత చలిలోనైనా రక్తం గడ్డకట్టదు.

పడవవాడు ఆలోచించి, "ఈ ఎండకి గడ్డకట్టదు గాని బాబూ, ఉడికిపోతాది," అన్నాడు.

మూడో రోజు కంచరపాలెం వెళ్ళాడు. నార్వే నుంచి ప్రతి శుక్రవారం ఒక జాబితా వచ్చేది. గడిచిన వారంలో చేప ఏ రోజు ఏ గంటకు ఎక్కడుందో అందులో ఉండేది. రెండు మూడు వందల గజాలు అటూ ఇటూ ఉండొచ్చని కింద రాసి ఉండేది. ఆ లెక్కన చేప మంగళవారం ఉదయం ఎనిమిది గంటలకు రైల్వే గేటు దగ్గర ఇరవై నిమిషాలు ఆగింది. గేటు పక్క టీకొట్టు గవర్రాజుది. ఎలా అడగాలో తోచక గంగాధరరావు రెండు టీలు తాగాడు. మూడో టీకి ధైర్యం చేసి, ఈ మధ్య ఇటుగా ఒక పెద్ద చేప ఏమైనా వెళ్ళిందా అని అడిగాడు. గవర్రాజు అతన్ని ఎగాదిగా చూసి, చేపలకైతే మార్కెట్టుకి వెళ్ళమనీ, తన దగ్గర బన్ను మాత్రమే ఉందనీ చెప్పాడు.

"కంచరపాలెంలో చేప కనబడలేదు. నీళ్ళు కూడా కనబడలేదు," అని రిపోర్టు రాశాడు గంగాధరరావు. డైరెక్టరు రెండో వాక్యం కొట్టేశాడు.

"చూడండి గంగాధరరావు గారూ," అన్నాడు, "నేల మీద తిరిగే చేప మన శాఖ కిందకి రాదు. పశువుల శాఖ వాళ్ళు పట్టుకుపోతారు."

అక్కణ్ణుంచి ఫైల్లో చేప "తీరానికి సమీపంలో" తిరగసాగింది.

జులై అంతా ఇంగ్రిడ్ ఉత్తరాలు రాస్తూనే ఉంది. ఒక్కొక్క ఉత్తరంలో ఆవిడ ఉత్సాహం పెరిగిపోతోంది. ముప్పై ఒకటో నంబరు తెల్లవారుజామున అయిదింటికి రేవుకి దక్షిణాన యారాడ తీరం దగ్గర బయలుదేరుతుంది. రేవు దాటి ఉత్తరంగా వెళ్తుంది. ఒక్కోసారి గంటకు నలభై కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఆ జాతి చేప అంత వేగంగా ఈదగలదని ఇంతవరకూ ఎవరూ ఎరగరు. మధ్యాహ్నం రెండింటికల్లా మళ్ళీ యారాడ చేరుతుంది. సోమవారం, శనివారం మాత్రం కదలదు. వారానికి ఏడు రోజులని చేపకెలా తెలిసిందని అడిగింది ఇంగ్రిడ్. ఈ విషయం మీద ఆగస్టులో ఒక పెద్ద సభలో వ్యాసం చదవబోతున్నానని కూడా రాసింది. డైరెక్టరు ఆ ఉత్తరానికి అద్దం కట్టించి గోడకు తగిలించాడు.

గంగాధరరావు జాబితాల్ని ఇంటికి తెచ్చుకునేవాడు. సీతమ్మధారలో ఒక మేడ వెనక వాటాలో అద్దెకుండేవాళ్ళు అతనూ, భార్య తాయారూ. భోజనాల బల్ల మీద ఊరి పటం పరిచి, చేప ఆగిన చోటల్లా పెన్సిలు చుక్క పెట్టేవాడు. ఒక శుక్రవారం సాయంత్రం అలా చుక్కలు పెడుతూ ఆగిపోయాడు. చేప బుధవారం పది గంటలకు తమ వీధిలో ఉంది. అంతకు ముందు బుధవారం కూడా అదే వీధిలో ఉంది.

తాయారు వంటింట్లో ఉంది. బుధవారం పది గంటలకు మనింటికి ఎవరొచ్చారని అడిగాడు. ఎవరూ రాలేదంది. బాగా గుర్తు తెచ్చుకోమన్నాడు.

"మనుషులా, ఏంటండీ?"

"మనుషులని కాదు. చేప లాంటిది ఏమైనా..."

"చేపయితే వచ్చిందండీ. చందువాలు. ఈశ్వరి తెచ్చింది, నేను వండాను, మీరు తిన్నారు."

గంగాధరరావు పటం చూపించి మొత్తం చెప్పాడు. తాయారు చెయ్యి తుడుచుకుని వచ్చి చుక్కల మీద వేలు పెట్టుకుంటూ యారాడ నుంచి తమ గుమ్మం దాకా వచ్చింది. సోమవారం, శనివారం కదలదని చెప్పగానే ఆవిడకి నవ్వాగలేదు. ఆ రెండు రోజులూ చేపలు కొనేవాళ్ళెవరు, గంప ఎత్తుకుని ఎండలో తిరగడం దేనికి, యారాడ నుంచి వచ్చే చేపలమనిషికి తెలిసినంత మీ నార్వే ఆవిడకి తెలీదా అంది. గంగాధరరావుకి నవ్వు రాలేదు. రేవులో వాంతులు చేసుకుని, రెండు నెలలుగా వెతుకుతున్న చేప వారం వారం తన గుమ్మంలోకే వచ్చి బేరమాడి పోయిందని తెలిసేసరికి అతనికి ఒక్కసారిగా నీరసం వచ్చింది. ఆ రాత్రి పెరుగన్నం మాత్రమే తిన్నాడు.

తర్వాతి బుధవారం సెలవు పెట్టి గుమ్మంలో కూర్చున్నాడు. పదింటికి ఈశ్వరి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. బిగువైన మనిషి, పెద్ద గొంతు. గంప దించీ దించగానే గంప అంచుకి పురికొసతో కట్టిన ఒక నల్లటి కడ్డీని ఊడదీసి, గోడ మీద వాలిన కాకుల వైపు ఝాడించింది. మొక్కజొన్న కండె అంత ఉంది అది. ఒక చివర బుడిపె, బుడిపె నుంచి జానెడు తీగ. తీగ గాల్లో జుయ్యిమంది. కాకులు లేచిపోయాయి.

గంగాధరరావు దాన్ని చూడొచ్చా అని అడిగి చేతిలోకి తీసుకున్నాడు. పక్కన ఇంగ్లీషు అక్షరాలూ, 31 అనే అంకే ఉన్నాయి. ఎక్కడిదని అడిగాడు.

ఈశ్వరి దాచలేదు. వేసవిలో దక్షిణ సముద్రాల్లో చేపలు పట్టే విదేశీ ఓడ ఒకటి మరమ్మతుకి రేవులోకి వచ్చింది. వేటకి సెలవు రోజులు కావడంతో ఆమె మొగుడు సూరన్న ఆ ఓడలో ఐసు గది కడిగే కూలికి వెళ్ళాడు. గది అడుగున మంచులో అతుక్కుపోయి ఇది దొరికింది. పారేసిందేనని అడిగి తెచ్చుకున్నాడు. ఇంట్లో దేనికీ పనికిరాలేదు. ఒకనాడు కాకిని కొడితే మళ్ళీ ఆ కాకి రాలేదు. అప్పట్నుంచి గంపకి కట్టుకుంటోంది.

ఇది ప్రభుత్వానికి కావాలన్నాడు గంగాధరరావు. ఈశ్వరి దాన్ని అతని చేతిలోంచి లాక్కుంది. ప్రభుత్వానికి కాకుల బెడద ఉందా అని అడిగింది. అది చేపలకి కట్టే యంత్రమనీ, నార్వేలో ఒక పరిశోధకురాలు దీన్ని బట్టి నువ్వు ఎక్కడెక్కడ తిరుగుతున్నదీ రోజూ చూస్తోందనీ, నిన్ను చేప అనుకుంటోందనీ అతను నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. ఈశ్వరి ఆకాశం వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"సూసేది ఆడమనిసా, మగమనిసా?"

"ఆడమనిషే."

"అయితే సూడనీ," అంది. తాయారుకి అరకిలో కవళ్ళు తూచి గంపెత్తుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు గంగాధరరావు డైరెక్టరుకి నిజం చెప్పాడు. చేప లేదు, చేపల మనిషి ఉంది అన్నాడు. శ్రీరామ్మూర్తి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఇంగ్రిడ్ వారం కిందటే రెండు వందల మంది ముందు వ్యాసం చదివేసింది. అందులో విశాఖపట్నం కార్యాలయానికి కృతజ్ఞతలు కూడా చెప్పింది. ఢిల్లీ నుంచి అభినందన వచ్చింది. ఇప్పుడు చేప లేదంటే ఇన్నాళ్ళూ మీరేం చూశారని అడుగుతారు.

"చేప ఉందని మనం రాయలేదు," అన్నాడు చివరికి. "చేప కదులుతోందని రాశాం. కదులుతోందా, లేదా?"

"కదులుతోందండి."

"మరింకేం."

అలా సెప్టెంబరు, అక్టోబరు గడిచాయి. దీపావళి మర్నాడు చేప ఆగిపోయింది.

కార్తీకమాసం కదా. ఊళ్ళో సగం ఇళ్ళల్లో నీచు ముట్టరు. గంప నిండా మిగుల్చుకుని తిరిగి రావడమెందుకని ఈశ్వరి ఏటా ఆ నెల ఇంటి పట్టునే ఉంటుంది. కానీ నార్వేలో కార్తీకమాసం లేదు. చేప వారం రోజులుగా యారాడ తీరంలో ఒకేచోట ఉందని ఇంగ్రిడ్ రాసింది. పదిహేనో రోజున ఇంకో ఉత్తరం వచ్చింది. అమావాస్య నుంచి కదలకుండా ఉందంటే ఒకటే అర్థం, గుడ్లు పెడుతోంది. ఆ జాతి ఎక్కడ గుడ్లు పెడుతుందో ఇప్పటివరకూ ప్రపంచంలో ఎవరూ కళ్ళారా చూడలేదు. నేను వస్తున్నాను.

శ్రీరామ్మూర్తి ఆఫీసు గేటుకి రంగు వేయించాడు. తర్వాత గంగాధరరావుని వెంటబెట్టుకుని యారాడ వెళ్ళాడు. ఇంగ్రిడ్ ఉండే రెండు రోజులూ పడవలో కూర్చుని సముద్రంలో ఉండమని ఈశ్వరిని బతిమాలాడు. వేటకెళ్ళే పడవలో ఆడవాళ్ళు కాలు పెట్టరని ఆమె చెప్పేసింది. పోనీ యంత్రమొక్కటీ ఇవ్వు, తాడుకి కట్టి నీళ్ళలోకి దింపుతామన్నాడు డైరెక్టరు. ఉప్పునీళ్ళకి పాడైపోతుందంది.

"అది సముద్రంలోంచి వచ్చిందేనమ్మా," అన్నాడు గంగాధరరావు.

"ఉండనేక గదా బాబూ ఒచ్చేసింది," అంది ఈశ్వరి.

నవంబరు ఇరవై ఏడున ఇంగ్రిడ్ వచ్చింది. యాభై దాటిన మనిషి. అంత పొడుగు ఆడమనిషిని ఆఫీసులో ఎవరూ చూసి ఉండలేదు. రెండు పెట్టెలూ, చేత్తో పట్టుకుని తిప్పే ఒక యాంటెన్నా తెచ్చుకుంది. గెస్టుహౌసులో కాఫీ కూడా తాగకుండా నేరుగా పడవ ఎక్కింది. డైరెక్టరు ఎక్కాడు. గంగాధరరావు కూడా ఎక్కక తప్పలేదు. డాల్ఫిన్ ముక్కు కొండ దాటగానే అతను పడవ అంచుకి చేరిపోయాడు. ఇంగ్రిడ్ అతని వీపు నిమిరి, నాకూ మొదటి పదేళ్ళూ ఇంతే అని ఓదార్చి, నోట్లో ఒక అల్లం బిళ్ళ వేసింది. ఆ మనిషిని మోసం చేస్తున్నందుకు గంగాధరరావుకి వాంతి కంటే ఎక్కువ బాధ కలిగింది.

యారాడ ముందుకి రాగానే ఇంగ్రిడ్ చేతిలో యంత్రం కూత మొదలెట్టింది. ఆవిడ యాంటెన్నాని సముద్రం వైపు తిప్పితే కూత తగ్గింది. ఊరి వైపు తిప్పితే పెరిగింది. కొండ నుంచి ప్రతిధ్వని అని డైరెక్టరు సర్దిచెప్పబోయాడు. ఇంగ్రిడ్ వినలేదు. పడవని ఒడ్డుకి తిప్పించి, మోకాటి లోతు నీళ్ళలో దిగి, యాంటెన్నా ముందుకి చాపి ఇసకలో నడుచుకుంటూ పోయింది. వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళు లేచి దారి ఇచ్చారు. కూత ఎక్కువవుతూ ఎక్కువవుతూ ఒక పెంకుటింటి ముందు ఆపకుండా మోగసాగింది.

ఆ ఇంటి ముందు ఈశ్వరి చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. పక్కన చీర మీద గుమ్మడి వడియాలు ఎండుతున్నాయి. వడియాల పైన, చూరుకి వేలాడుతూ, గాలికి మెల్లగా తిరుగుతూ ముప్పై ఒకటో నంబరు ఉంది.

డైరెక్టరు వెనక్కి తిరిగి సముద్రాన్ని పరీక్షగా చూడసాగాడు. అప్పుడు గంగాధరరావు తనకొచ్చిన ఇంగ్లీషులో ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేశాడు. కంచరపాలెంలో కాలువ లేదన్నాడు. సోమవారం గురించి, శనివారం గురించి, కార్తీకమాసం గురించి చెప్పాడు. కాకుల గురించి కూడా చెప్పాడు. తప్పు తనదేనని చెప్పాడు. చెప్పడం అయిపోయాక కూడా కాసేపు నోరు తెరుచుకునే ఉన్నాడు.

ఇంగ్రిడ్ మొహం ఎర్రబడింది. అరుగు మీద కూర్చుంది. ఈశ్వరి ఆవిడ వంక చూసి లోపలికి వెళ్ళి అల్లం టీ పెట్టి తెచ్చింది. ఇంగ్రిడ్ టీ మొత్తం తాగింది. ఇంకొంచెం అడిగి అదీ తాగింది. తర్వాత పెట్టె తెరిచి కాగితాల కట్ట తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆరు నెలల జాబితాలు. గంగాధరరావుని పక్కన కూర్చోమని, ఈశ్వరిని ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది.

మంగళవారాలు రైల్వే గేటు దగ్గర ఇరవై నిమిషాలు ఎందుకు ఆగావు? గేటు వేసేస్తారు, గూడ్సు బండి పొడుగు. నలభై కిలోమీటర్ల వేగం ఎలా వచ్చింది? ఆటో ఎక్కాను. జులైలో నాలుగు రోజులు సీతమ్మధారలో ఒకేచోట ఎందుకున్నావు? అత్త ముసలమ్మకి కంటి ఆపరేషను, ఆసుపత్రి వరండాలో పడుకున్నాను. ఇంగ్రిడ్ ప్రతిదీ రాసుకుంది. రాసుకునేకొద్దీ ఆవిడ మొహంలో ఎరుపు తగ్గుతూ వచ్చింది.

గురువారాలు, అంది ఇంగ్రిడ్ ఒక కాగితం మీద వేలు పెట్టి. గురువారాలు ఇంటికి వచ్చేముందు కొండ దిగువన ఒక చోట అరగంట ఆగుతున్నావు. మా పటంలో అక్కడ ఏమీ లేదు. అక్కడేం చేస్తావు?

ఈశ్వరి చేట దగ్గరికి లాక్కుంది. అప్పటికి సూరన్న కూడా వచ్చి గుంజకి ఆనుకుని నిలబడి వింటున్నాడు.

"ఏటీ సెయ్యను. కూకుంటాను," అంది.

సూరన్న ఆశ్చర్యపోయాడు. "ఎప్పుడూ సెప్పనేదేటి?"

"నువ్వెప్పుడడిగినావు?"

సూరన్న తల గోక్కున్నాడు. వాళ్ళేమన్నారో చెప్పమంది ఇంగ్రిడ్. గంగాధరరావు చెప్పాడు. ఆవిడ తలూపి, కాగితం మీద గురువారం పక్కన చిన్న గీత గీసింది.

ఆ యంత్రం కడుపులో ఇంకో లెక్క ఉంది. చేప ఎంత లోతున, ఎంత చలిలో ఉందో అందులో దాచి ఉంటుంది. ఇంగ్రిడ్ చూరు నుంచి దాన్ని దింపించి తన పెట్టెకి తగిలించి చూసింది. పదకొండు నెలలు చేప మంచు కింద పైకీ కిందకీ తిరిగింది. తర్వాత ఏడు నెలల పాటు లోతు సున్నా, చలి సున్నాకి కింద ఇరవై డిగ్రీలు. సముద్రంలో ఎక్కడా అంత చలి ఉండదని గొణుక్కుంది ఆవిడ. గంగాధరరావు సూరన్నకి ఆ మాట చెప్పాడు.

"ఐసు గది బాబూ అది," అన్నాడు సూరన్న. "నాను కడిగినాను గదా. సేతులు మొద్దుబారిపోనాయి."

సముద్రం సంగతులన్నీ తెలిసిన ఆవిడకి అప్పుడు బోధపడింది. ఆ చేపని ఓడవాళ్ళు ఎప్పుడో పట్టేశారు, తినేశారో అమ్మేశారో. ఈశ్వరి జాలిగా చూసి, ఇంతకీ ఆ చేప రుచెలాగుంటుందని అడిగింది. ఇంగ్రిడ్ తానెప్పుడూ తినలేదని చెప్పింది. ఇరవై ఏళ్ళుగా వాటి వెనకే తిరుగుతున్నాను గానీ తినలేదంది. ఇరవై ఏళ్ళు ఒక చేప వెనక తిరిగి తినకుండా ఉన్న మనిషిని ఈశ్వరి అంతకు ముందు చూడలేదు. కార్తీకం వెళ్ళాక వచ్చుంటే వంజరం పులుసు పెట్టేదాన్నని నొచ్చుకుంది.

పాత యంత్రం తనకి కావాలంది ఇంగ్రిడ్. ఈశ్వరి ఇవ్వనంది. చాలాసేపు తర్జనభర్జన జరిగాక ఇంగ్రిడ్ రెండో పెట్టె తెరిచి, ఇంకా ఏ చేపకీ కట్టని కొత్త యంత్రం ఒకటి తీసింది. తీగ పాతదానికంటే పొడుగు. ఈశ్వరి దాన్ని గాల్లో రెండుసార్లు ఝాడించి చూసి ఒప్పుకుంది. దీనికీ ముప్పై ఒకటో నంబరే ఇస్తాననీ, ఇది మూడేళ్ళు పనిచేస్తుందనీ, పడేస్తే పడేయొచ్చనీ, మోస్తానంటే మాత్రం తనకి సంతోషమనీ ఇంగ్రిడ్ చెప్పింది. తన నలభై చేపల్లో ఏ ఒక్కటీ ఆరు నెలల పాటు ఏ రోజు ఎందుకెక్కడికి వెళ్ళిందో తనకి చెప్పలేదంది.

నార్వే వెళ్ళాక ఆవిడ తన వ్యాసం తప్పని బహిరంగంగా రాసింది. కొందరు నవ్వారట. ఆఫీసులో మాత్రం ఫైలు మూయడం కుదరలేదు. చేప చనిపోయిందని రాయాలంటే శవపరీక్ష కావాలి, శవం లేదు. తినేశారని రాయాలంటే తిన్నవాళ్ళ సంతకం కావాలి. ఆరు నెలలు ఆలోచించి శ్రీరామ్మూర్తి బదిలీ చేయించుకున్నాడు. కొత్త డైరెక్టరుగా వచ్చిన అర్జునరావు ఫైలు తిరగేసి, జరుగుతున్నది జరగనివ్వమన్నాడు. గంగాధరరావు నెలకోసారి రిపోర్టు పంపుతూనే ఉన్నాడు. దాంతోపాటు సొంతంగా ఒక చిన్న ఉత్తరం కూడా రాసేవాడు. ఈశ్వరి రైల్వే గేటు దారి మానేసి బ్రిడ్జి మీదుగా వస్తోందనో, ఆమె అత్త ముసలమ్మ చనిపోయినందువల్ల పది రోజులు కదల్లేదనో. ఇంగ్రిడ్ ప్రతి ఉత్తరానికీ జవాబిచ్చేది. కంప్యూటర్లు మారాక వారం ఆగే పని కూడా తప్పింది. ఈశ్వరి ఎక్కడుందో గంటలో నార్వేలో తెలిసేది.

2004 డిసెంబరు ఇరవై ఆరు ఆదివారం. గంగాధరరావు తలంటు పోసుకుని పేపరు చదువుతున్నాడు. పదకొండింటికి ఫోను మోగింది. ఇంగ్రిడ్. సముద్రం పొంగిందని రేడియోలో చెప్పారంది. ముప్పై ఒకటి మీ ఇంటి దగ్గరే చూపిస్తోంది, కానీ రెండు వందల గజాలు అటూ ఇటూ, దయచేసి తలుపు తీసి చూడండి అంది.

తలుపు తీశాడు. గుమ్మంలో ఈశ్వరి నెత్తళ్ళు తూస్తోంది. తాయారు ఒక గుప్పెడు ఎక్కువ వేయమని గొడవ పడుతోంది. ఇద్దరికీ ఏమీ తెలీదు.

గంగాధరరావు ఫోను తీగ లాగి లాగి గుమ్మం దాకా తెచ్చి ఈశ్వరి చేతిలో పెట్టాడు. ఇంగ్రిడ్ అవతల నుంచి ఏదో చెప్పింది. ఈశ్వరికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా అటు నుంచి ఏడుపు వినిపించి, "నాను బాగున్నాను, నువ్వేడవకు," అంది. ఫోను ఇచ్చేశాక ఎందుకేడుస్తోందని అడిగింది. గంగాధరరావు సంగతి చెప్పాడు. ఈశ్వరి గంపలోని చేపలు అలాగే ఉండగా గంపెత్తుకుని రోడ్డు మీదకి పరిగెత్తింది. గంగాధరరావు చొక్కా వేసుకుంటూ వెనకాలే వెళ్ళి ఆటో ఆపాడు.

యారాడ కొండ దాటాక దిగువకి పోలీసులు వదల్లేదు. ఊరంతా కొండ మీదే ఉంది. సముద్రం ఇళ్ళ ముందు దాకా వచ్చి వెనక్కి పోయింది. రెండు పడవలు విరిగాయి, ఊళ్ళో ఎవరికీ ఏమీ కాలేదు. సూరన్న ఒక బండ మీద వల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఈశ్వరి అతని దగ్గరికి వెళ్ళి ముందు భుజాలు తడిమింది, తర్వాత తిట్టడం మొదలుపెట్టింది. బియ్యం డబ్బా వదిలేసి వల తెచ్చినందుకు తిట్టింది. అతను బుర్ర వంచుకుని అన్నీ పడ్డాడు.

మధ్యాహ్నం దాటింది. ఎవరూ కిందకి దిగడానికి సాహసించలేదు. ఎవరో రాళ్ళ పొయ్యి పెట్టారు, ఎవరో పై ఇంటి నుంచి బియ్యం తెచ్చారు. ఈశ్వరి గంపలో మిగిలిన చేపలన్నీ కడిగి పులుసు పెట్టింది. బాదం ఆకుల్లో అందరికీ వడ్డించింది. గంగాధరరావు కూడా తిన్నాడు. అంత కారం పులుసు తినడం అతనికి అదే మొదటిసారి. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా రెండోసారి వేయించుకున్నాడు.

కింద సముద్రం వెనక్కి పోతూ, మళ్ళీ వస్తూ ఉంది. ఇళ్ళకి ఎప్పుడు దిగొచ్చునో ఎవరికీ తెలీదు. పోలీసుల్ని అడిగితే వాళ్ళూ తెలీదన్నారు. చిట్టమ్మ అనే ముసలావిడ చెయ్యి కడుక్కుంటూ గంగాధరరావు వైపు చూపించి, ఈ బాబుది సముద్రం ఆఫీసే గదా, ఈయన్ని అడగరాదా అంది. అందరూ అతని వైపు తిరిగారు. సూరన్న కూడా తలెత్తి చూశాడు.

గంగాధరరావు లేచి నిలబడ్డాడు. సముద్రం వైపు చూశాడు. చాలా సేపు చూసి, నిజమే చెప్పాడు.

"ఆఫీసులో అడగాలండి. ఇవాళ ఆదివారం, సెలవు."

దానిదేముంది, రేపు అడుగుదువు గాని అంటూ ఈశ్వరి అతని ఆకులో ఇంకో ముక్క వేసింది.